చీరల కంచె అవతల ఎవరు?

కిందటి నెల నా రైఫిల్‌ను ఠాణాలో అప్పగించి షేర్ ఆటోలో ఇంటికి వచ్చాను. పక్కన ఒకావిడ మోకాళ్ల మీద టమాటా గంప పెట్టుకొని కూర్చుంది. ఊరుకోలేక అడిగింది.

"ఏం పని మీద పోయినవమ్మా ఠాణాకు?"

"నా పని చాలిచ్చిన. ఆ సంగతే చెప్పి వస్తున్న."

"ఏం పని చేస్తుంటివి?"

"అడివి పందులను కొట్టే పని."

ఆవిడ గంపతో సహా కొంచెం అటు జరిగింది. కాసేపు ఆగి, మళ్లీ ఇటు జరిగి, "ముందుగాల్నే కలిస్తే మంచిగుండు గదమ్మా! మా మక్కచేను ఆగమాగం చేసినయి" అంది.

ఈ పని చేసినన్నాళ్లూ జనం నాతో ఇలాగే ఉన్నారు. అటు జరిగేవాళ్లు, మళ్లీ ఇటు జరిగేవాళ్లు. ఇద్దరి మీదా నాకు కోపం లేదు.

పంటల మీద పడే అడవి పందులను కాల్చడానికి మా దిక్కు పంచాయతీలు పిలిచే లైసెన్సుదారుల పట్టికలో నా పేరు చాలా ఏళ్లు ఉంది. ఇప్పుడు కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్ అయింది గానీ సన్నని పొర ఒకటి ఇంకా అడ్డం ఉన్నట్టే అనిపిస్తుంది. ఏమీ లేదంటుంది డాక్టరమ్మ. పొర ఉందో లేదో తెలియని కంటితో రైఫిల్ పట్టకూడదని మానేశాను. కొత్తగా పట్టికలో చేరిన ఒకమ్మాయి ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, నీకు ఎరుకైనదంత రాసియ్యరాదు" అని అడిగింది. నాకు ఎరుకైనది తక్కువ, ఎరుక కానిది ఎక్కువ. దరఖాస్తుల సంగతి ఆఫీసులో చెబుతారు, అది రాయను. నన్ను ఇప్పటికీ తికమక పెట్టేవి మాత్రం రాస్తాను. వాటిలో ఒకటి మరీ పెద్దది.

ఇంటి చదువు

మా ఊళ్లో అప్పుడు బడి లేదు. పక్క ఊరి బడికి వాగు దాటి వెళ్లాలి. నాయిన నన్ను పంపలేదు, తనే చదువు చెప్పాడు. పొద్దున అక్షరాలు, సాయంత్రం రైఫిల్ పట్టి గురి చూసే నిశానా. రెండింటికీ ఒకే గురువు, ఒకే బెత్తం. ఇంట్లో ఉన్న భజన పాటల నోటుబుక్కు, పాత పంచాంగం నా చదువు మొత్తం. ఆ రెండూ చాలినందుకు సంగమేశ్వరునికి దండం.

నాయిన దగ్గర పంట కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న పాత రైఫిల్ ఉండేది. ఒక్క తూటా రైఫిల్ అది. కింద ఉన్న పిడిని లాగితే వెనుక భాగం తెరుచుకుంటుంది, ఒక తూటా పెట్టి మూయాలి. అది పేలాక మళ్లీ తెరిచి, ఖాళీ గుల్ల తీసి, ఇంకొకటి పెట్టేలోగా పంది పొలం దాటిపోతుంది, లేకపోతే మన మీదికి వస్తుంది. ఐదు తూటాలు పట్టే రైఫిల్ కొనుక్కొమ్మని నాయినకు చాలామంది చెప్పారు. ఆయన నవ్వేవాడు.

"ఒక్కటే ఉన్నోడు చూసి కొడ్తడు. ఐదు ఉన్నోడు కొట్టి చూస్తడు" అనేవాడు.

ఆయన నాకు ఇచ్చిన సూత్రాలు రెండే. పంది వెనుక మట్టి కనిపిస్తేనే కాల్చాలి, ఆకాశం కనిపిస్తే కాల్చకూడదు. ఇక రెండోది. "దేవుడు పందికి మన్ను రంగు ఏసిండు బిడ్డా. వేరే రంగు కనవడ్డదా, అది మనిషి. ఎంటనే వేలు తియ్యి."

నాయిన పోయాక లైసెన్సు నా పేరు మీదికి మారింది. రైఫిల్‌తోపాటు ఆ రెండు సూత్రాలూ నాకు వచ్చాయి. ఆ రెండో సూత్రం నాయిన కాలంలోని పొలాలకు తగ్గట్టు చేసినదని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథ లేదు.

సాబ్ అడిగిన మాట

పై అధికారులలో నేను మనసారా గౌరవించింది అటవీ శాఖలో పనిచేసిన ఖాజా సాబ్‌ను. పందిని కాల్చిన చోటికి అధికారి వచ్చి చూడాలి, తన ఎదుటే లోతుగా పూడ్పించాలి. మాంసం ఎవరికీ ఇవ్వకూడదు. ఆయన వచ్చి, గాలి ఎటు వీస్తోందో చూసుకొని, ముక్కుకు రుమాలు కట్టుకొని, పూడ్చడం అయ్యేదాకా నిలబడేవాడు. ఒక్కసారి కూడా దూరం నుంచి సంతకం పెట్టి వెళ్లలేదు.

ఝరాసంగం దిక్కున ఒక శనగ చేనులో నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఆయన ముందే బయటపడింది. పొద్దు పొడిచాక గట్టు పక్కన ఒక పంది కనిపించింది. వెనుక మట్టి ఉంది, వేరే రంగు లేదు. కాల్చాను, పడిపోయింది. దగ్గరికి వెళితే అది పాలిచ్చే తల్లి. చారల పిల్లలు నాలుగు శనగ మొక్కల నడుమ తిరుగుతున్నాయి. పాలిచ్చేదాన్ని కొట్టకూడదని రూలు ఉంది, ఆ రూలు నాకు తెలుసు కూడా. కానీ నేను చూసింది వీపు ఒక్కటే.

ఊరివాళ్ల ముందు ఖాజా సాబ్ నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లు వెళ్లాక మెల్లగా అన్నాడు. "ఆడది ఒంటరిగ తిరగదు శివమ్మగారూ. ఎనక ఎవరొస్తున్నరో జర ఆగి చూడున్రి. చూసినంకనే కొట్టున్రి."

ఆయన గుంత వైపు చూస్తూ ఇంకో మాట అడిగాడు. "మీరు తినరు. నేను ముట్టను. ఊరోళ్లకు ఇయ్యొద్దు. మరి ఇది ఎవరికోసం చచ్చింది అమ్మా?"

"శనగ చేను కోసం సాబ్."

"అట్లనే అనుకుందాం. నేను గూడ రోజూ అట్లనే అనుకుంట."

ఆ సోమవారం సంగమేశ్వరుని గుడిలో నిలబడి అదే ప్రశ్న స్వామిని అడిగాను. ఆయన కూడా ఖాజా సాబ్ లాగే నిమ్మళంగా చూశాడు. కొత్తవాళ్లకు చెప్పేది ఏమిటంటే, ఈ ప్రశ్న మీకూ వస్తుంది. రాకపోతే మాత్రం లైసెన్సు తిరిగి ఇచ్చేయండి.

అందరు పెద్దలూ ఆయన లాంటివాళ్లు కాదు. ఒక సర్పంచి చచ్చిన పంది మీద కాలు పెట్టి నన్ను పక్కన నిలబెట్టి ఫోటో దిగుతానన్నాడు. "నువ్వు కాలు తీస్తవా, నేను ఇంటికి పోనా?" అన్నాను. కాలు తీశాడు. మళ్లీ ఆ ఊరి నుంచి నాకు పిలుపు రాలేదు. నష్టం ఏమీ కలగలేదు.

చెరుకు కోత రోజు

మొగుడంపల్లి దిక్కున ఒక ఊళ్లో సంగప్ప అని ఒక రైతు. నన్ను అక్కా అనేవాడు. ఆయన భార్య నాగమ్మ వదినె అనేది. వాళ్లకు చెరుకు, పక్కనే అల్లం మడి ఉండేవి. చెరుకును నాలుగు దిక్కుల నుంచీ లోపలికి కోసుకుంటూ వస్తారు. తోటలో ఉన్న పందులు నడుమ మిగిలిన తునకలోకి చేరతాయి. ఆఖరి రోజు ఆ తునకను కోయడానికి వెళ్లిన మనుషుల మీదికి అవి ఒక్కసారిగా దూకుతాయి. అందుకని ఆఖరి రోజు నన్ను పిలుస్తారు.

నేను వెళ్లేసరికి కళ్లమంత చెరుకు మిగిలింది. దానికీ అల్లం మడికీ నడుమ బండి బాట. అల్లం మడికి ఎత్తయిన మట్టి గట్టు, గట్టు మీద కర్రలు పాతి చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. మా దిక్కు ఇప్పుడు ఏ చేను చూసినా చీరల కంచే. రంగు చూసి, చప్పుడు విని పందులు బెదురుతాయని కడతారు. నాగమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి కట్టింది.

"నాగమ్మా, బాట పక్కనున్న చీరలు ఒక్క గంట తియ్యున్రి" అన్నాను.

"అయ్యో వదినె! ఇవతల నువ్వు తరుముతుంటివి, కంచె లేకుంటే అవి సీదా నా అల్లంల పడవా? ఎంత గోస పడి కట్టిన్నో నీకేమెరుక? అండ్ల మా అత్త పెండ్లి చీర గూడ ఉన్నది."

"మీ అత్తకు చెప్పి కట్టినవా?" అన్నాడు సంగప్ప.

"చెప్పినంక ఇస్తదా?"

కోత మనుషులంతా నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నా తప్పు అదే, ఆ నవ్వి ఊరుకోవడం. పందులను బెదిరించి బయటికి తోలే మనుషులందరి తలలకూ రంగు రుమాళ్లు కట్టించాను. ఎవరు ఎక్కడ నిలబడాలో వేలుపెట్టి చూపించాను. సంగప్పను బాట అటు చివర ట్రాలీ పక్కన నిలబెట్టాను. నేను బాటకు ఈ చివర మెరక మీద కూర్చుని, శివా నీ చిత్తం అనుకొని, ఒక తూటా పెట్టి మూశాను.

డబ్బాలు మోగించారు. ముందు రెండు చిన్నవి ఉరికి దూరంగా పోయాయి. తరువాత పెద్ద మగపంది బాటలోకి వచ్చి, అల్లం గట్టు ముందు అడ్డంగా ఆగింది. కోరలు కనిపిస్తున్నాయి. వెనుక కావలసినంత మట్టి ఉంది. జీవితంలో అంత తేలికైన నిశానా నాకు దొరకలేదు. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడు దాని వీపుకు పైన, గట్టు మీద ఒక నీలం చీర కదిలింది. వరుసలో అన్ని చీరలూ ఊరికే వేలాడుతున్నాయి. ఆ ఒక్కటి మాత్రం, వెనుక ఎవరో చతికిలబడి కూర్చుని అంచును పట్టుకున్నట్టు, కింద ఉబ్బింది.

వేలు తీశాను.

ఎంతసేపు? మూడు సార్లు శివ అనుకునేంత. పంది తల తిప్పి, బాట వెంట అటు చివరకు ఉరికింది. సంగప్ప నేను నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నాడు. కోర కుడి తొడలో దిగింది. పంది అతన్ని పడేసి, ఆగకుండా కర్ణాటక దిక్కు వెళ్లిపోయింది. నాగమ్మ అరుస్తూ ఉరికి, కంచెలో నుంచి చేతికందిన చీర గుంజి, రెండు తునకలు చేసి తొడకు కట్టింది. ట్రాలీలో దవాఖానకు తీసుకుపోయాం. నా రైఫిల్‌లో తూటా అలాగే ఉంది.

దవాఖానలో

బతికాడు, సంగమేశ్వరుని దయ. కానీ మోకాలు వంగదని చెప్పారు. నాలుగో రోజు నేను వెళితే నాగమ్మ ముఖం గోడకు తిప్పుకుంది. సంగప్ప తిప్పుకోలేదు.

"అక్కా, ఎందుకు కొట్టలే?"

చెప్పాను. నీలం చీర, ఎవరో కూర్చున్నట్టు, అన్నీ.

"మరి ఆడ ఉండెనా? మనిషి?"

"నాకు తెలువదు సంగప్పా."

"తెలుసుకో. మనిషి ఉన్నదంటే నా కాలు పోయినా నాకు ఫికర్ లేదు. ఒట్టి చీర కోసమే అయితే…" ఆగిపోయాడు. "గంతే. తెలుసుకొని నాకు చెప్పు."

తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

వెతుకులాట

మరునాడే పొలానికి వెళ్లాను. మడిలో అడుగులు ఉన్నాయి, కానీ నేను వెళ్లడానికి ముందు రోజే కూలీలు కలుపు తీశారట, ఎవరి అడుగులని చెప్పను? కంచె వెంట నడిచి చూశాను. ఎరుపు, పసుపు, నారింజ, పూల చీరలు ఉన్నాయి. నీలం ఒకటే ఉంది, అది అటు మూల. నాకు కదిలినట్టు కనిపించిన చోట కర్రల నడుమ ఖాళీ ఉంది. నాగమ్మ గుంజిన చీర అక్కడిదే.

అది ఏ రంగు? కోత మనుషులను అడిగాను. "నెత్తురు చూసినం గని రంగు ఎవడు చూసిండు?" అన్నాడు ఒకడు. దవాఖానలో అడిగితే ఆ గుడ్డలు ఆ రోజే పడేశామన్నారు. గాలి ఉండెనా అని అడిగితే సగం మంది ఉందన్నారు, సగం మంది ఆకు కూడా కదలలేదన్నారు. కోతకు వచ్చిన ఆడవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ ట్రాలీ వెనుకే ఉన్నామన్నారు. ఎవరూ అటు పోలేదు.

గాలి అయితే అన్నీ కదలాలి కదా అనుకుంటాను. ఒక కుక్క పడుకొని లేచి ఉండవచ్చు అనుకుంటాను. కదిలింది చీర కాదేమో, భయపడిన నా కన్నేమో అని కూడా అనుకుంటాను. ఆ నీలం మాత్రం ఇప్పుడు కళ్లు మూసినా కనిపిస్తుంది. చూసినదాన్ని ఎక్కువసార్లు తలుచుకుంటే, అది చూసిందో తలుచుకున్నదో తెలియకుండా పోతుంది.

ఆ తరువాత చీరలు దించకుండా నేను ఎక్కడా రైఫిల్ బయటికి తీయలేదు. పంట పోతుందని తిట్టినవాళ్లున్నారు. తిట్టించుకున్నాను. కొత్తవాళ్లు ఇది గట్టిగా పట్టుకోండి. కాల్చే దిక్కున చీరలు తీయించండి, లేకపోతే ఇంటికి వెళ్లండి. రంగు చూసి ఆగమని మనకు చెప్పారు, రంగు చూపి పందిని ఆపమని రైతుకు చెప్పారు. రెండూ మంచి మాటలే. ఒకే గట్టు మీద రెండూ కుదరవు.

ఆరేళ్లు నేను సంగప్పకు జవాబు చెప్పలేకపోయాను. ఆయన చెరుకు వేయడం మానేసి ముంబయి రోడ్డు పక్కన చెరుకు రసం బండి పెట్టుకున్నాడు. ఆయన స్టూలు మీద కాలు చాపి కూర్చుంటే నాగమ్మ మిషను తిప్పేది. నేను వెళితే ఆయన "రా అక్కా" అనేవాడు. ఆమె గ్లాసు నా ముందు పెట్టేది, మాట్లాడేది కాదు.

మొగులమ్మ

రైఫిల్ అప్పగించి వచ్చిన వారానికి మా గడప ముందు ఒక ముసలామె వచ్చి నిలబడింది. సంగప్ప వాళ్ల ఊరే, కూలికి పోయే మొగులమ్మ. కోతకు వచ్చినవాళ్లలో ఆమె లేదు కాబట్టి అప్పుడు నేను అడగలేదు.

"తుపాకి ఇచ్చేసినవటగా? నిజమేనా?" అంటూ లోపలికి తొంగి చూసింది.

"ఇచ్చేసిన. లోపలికి రా."

"తుపాకి ఉన్న ఇంట్ల నిజం చెప్పాలంటే బుగులైతది తల్లీ. అందుకే ఇన్నొద్దులు రాలే." కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ దినం అల్లం మడిల ఉన్నది నేనే."

నా చేతిలో మంచినీళ్ల చెంబు అలాగే ఉండిపోయింది.

"అందరు పందుల దిక్కు చూస్తున్నరని, రెండు గడ్డలు తవ్వుకుందామని పోయిన. డబ్బాలు మోగంగనే చీర సాటుకు ఒదిగిన. చెప్తే దొంగ అంటరని చెప్పలే. నువ్వు కొట్టకపోతివి గనుక బతికిన."

ఎన్ని దండాలు పెట్టుకున్నానో ఆ క్షణంలో. ఆరేళ్ల బరువు దిగిపోయినట్టే ఉంది. కానీ నా నోరు ఊరుకోలేదు. "ఏ చీర సాటుకు మొగులమ్మా?"

"ఎర్రది. మంచిగ యాదికున్నది."

"కూసున్నవా?"

"కూసుంటే ఎట్ల ఉరుకుత? నిలవడ్డ."

చెంబు ఆమె చేతికిచ్చాను. ఇంకేమీ అడగలేదు. ఆమెను వెంటపెట్టుకొని, ఆటో ఎక్కి, సంగప్ప బండి దగ్గరికి వెళ్లాను.

మొగులమ్మ అదంతా మళ్లీ చెప్పింది. సంగప్ప కాలు మీద చెయ్యి పెట్టుకొని విన్నాడు.

"ఎంత తవ్వినవు?"

"కొంగుల పట్టెంత."

"అరె, కొంగుల పట్టెంత అల్లానికి నా కాలు ఇచ్చిననా!" అని గట్టిగా నవ్వాడు. రసం తాగుతున్న లారీ డ్రైవర్లు వెనక్కి తిరిగి చూశారు. "నాగమ్మా, ఈమె గ్లాసుల అల్లం జర ఎక్కువ ఏయ్. అలవాటైన మనిషి."

నాగమ్మ నవ్వలేదు. రసం పట్టి, ముందు మొగులమ్మకు ఇచ్చింది. తరువాత నాకు గ్లాసు ఇస్తూ, "తాగు వదినె" అంది. ఆరేళ్ల తరువాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

ఆమె గ్లాసులు కడగడానికి అవతలికి వెళ్లాక సంగప్ప నా వైపు వంగాడు.

"ఎర్ర చీర అన్నది గదక్కా?"

"అన్నది."

"దవాఖానల నువ్వు నాకు నీలం అన్నవు."

దాచడానికి ఏముంది? "అన్న. కూసున్నట్టు గూడ అన్న."

చెరుకు లోడు ట్రాక్టరు ఒకటి పోయింది. నేనే అడిగాను. "నిజం చెప్పు. నా మనసు కోసం నువ్వే పంపినవా ఈమెను?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "నేనెందుకు పంపుత? నా కోసం నువ్వే చెప్పిచ్చి తోల్కొచ్చినవేమో అనుకుంటున్న!"

ఇద్దరం ఒకేసారి తల తిప్పి నాగమ్మను చూశాం. ఆమె మా వైపు వీపు పెట్టి, కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది.

"పోనియ్ అక్కా" అన్నాడు సంగప్ప. "ఎర్రదో, నీలమో. ఆడ మనిషి ఉండె అని నేను అనుకుంటున్న. నువ్వు గూడ అనుకో."

"అట్లనే" అన్నాను.

ఆ రోజు నుంచి దీపం పెట్టేటప్పుడు నేను తలుచుకునే పేర్లలో మొగులమ్మ పేరు కూడా చేరింది. ఆ చీర వెనుక ఉండి నా చేతిలో చావకుండా బతికినందుకా, అక్కడ లేకపోయినా వచ్చి ఉన్నానని చెప్పినందుకా, నేను చెప్పలేను. దండం మాత్రం ఆపలేదు. అది ఏ లెక్కన తీసుకోవాలో స్వామికే వదిలేశాను.